ఫిగర్ స్కేటింగ్‌లో భావానికి, సంగీతానికి మార్కులు వేయడం ఎలా

“మీకు తాళం తెలుసు కదండీ, వచ్చి జడ్జీగా కూర్చోండి” అని పిల్లల రోలర్ స్కేటింగ్ పోటీకి మిమ్మల్ని పిలిచారనుకోండి. లేదా చలికాలం ఒలింపిక్స్ టీవీలో చూస్తున్నారు. గాలిలో మూడు చుట్లు తిరిగి చక్కగా దిగిన అమ్మాయి వెనకబడింది, ఒకచోట తడబడ్డ అమ్మాయి ముందుకొచ్చింది, ఎందుకో మీకు అంతుబట్టలేదు. రెండింటికీ చేయాల్సిన సాధన ఒకటే. గోదావరి జిల్లాల్లో మంచు రింకు, అంటే స్కేటింగు చేసే మంచు మైదానం, లేదు కాబట్టి రికార్డింగులే మన బడి. అమలాపురమో పాలకొల్లో, ఎక్కడైనా సరే, ఒక ఇంటి హాల్లో నలుగురైదుగురు వారానికో సాయంత్రం కూర్చుంటే చాలు.

ఒక హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి. కూచిపూడి చూసి పెరిగిన కన్ను మొదట మొహం మీదికి, తర్వాత చేతుల మీదికి పోతుంది. రింకు పొడవు 60 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఆ కొసన ఉన్న మనిషి కనుబొమ్మ ఎగరేసినా ఈ గట్టున కూర్చున్న జడ్జీకి కనబడదు. స్కేటింగులో భావం పలికేది మోకాలి వంపులో, వెన్నులో, బ్లేడు అంచులో. టీవీవాళ్లు మొహాన్ని దగ్గరగా చూపించి మనల్ని మోసం చేస్తారు.

ఏ మార్కు ఎవరిది

పాత పద్ధతిలో ఒక్కో జడ్జీ 6.0కి గాను రెండు మార్కులు వేసేవారు, ఒకటి సాంకేతికానికి, ఒకటి కళకి. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఐస్ డాన్స్ (మంచు మీద జంటగా చేసే నృత్యం) జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్‌లకి కళ కింద తొమ్మిదిమంది జడ్జీలూ 6.0 వేశారు. 2002లో సాల్ట్‌లేక్ సిటీలో జంటల పోటీ తీర్పు పెద్ద రచ్చయి, రెండో జంటకి కూడా బంగారు పతకం ఇవ్వాల్సి వచ్చింది. ఆ దెబ్బతో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 2004లో కొత్త పద్ధతి తెచ్చింది.

ఇప్పుడు పని రెండుగా చీలింది. స్కేటరు చేసింది ఏ దూకుడు (జంప్), ఎన్ని చుట్లు, ఏ స్థాయి అన్నది సాంకేతిక బృందం తేలుస్తుంది. దాంతో మీకు సంబంధం లేదు. జడ్జీలు, పెద్ద పోటీల్లో తొమ్మిదిమంది దాకా, రెండు రకాల మార్కులు వేస్తారు. దూకుడు, గిరకీ లాంటి ప్రతి అంశానికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా నాణ్యత మార్కు ఒకటి. మొత్తం ప్రోగ్రామ్‌కి కలిపి మూడు శీర్షికల మార్కులు రెండోది. ఆ శీర్షికలు కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. ఒక్కోదానికి 0.25 నుంచి 10 దాకా, పావు చొప్పున మెట్లు.

పాత వ్యాసాల్లో ఐదు శీర్షికలు కనిపిస్తే కంగారు పడొద్దు. 2022-23 సీజన్‌కి ముందు ఐదే ఉండేవి, సంగీతాన్ని ఎలా అర్థం చేసుకున్నారన్నది అందులో విడిగా ఒక శీర్షిక. దాన్ని తీసేసి రెండుచోట్ల పంచారు. పాట నడకని, విభాగాల్ని ప్రోగ్రామ్ అల్లికలో ఎలా పొదిగారన్నది కూర్పు కిందికి వచ్చింది. ఆ క్షణంలో శరీరం సంగీతానికి ఎలా స్పందించిందన్నది ప్రదర్శన కిందికి పోయింది. మొదటిది నృత్యం కూర్చినవారి ఘనత కూడా. రెండోది పూర్తిగా మంచు మీద ఉన్న మనిషిది. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

సరంజామా

పెద్ద తెర, తీగతో కలిపిన స్పీకరు, ఫోనులో స్టాప్‌వాచ్, తెల్లకాగితాలు, పెన్సిళ్లు. స్పీకరు తీగతోనే ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. బ్లూటూత్ స్పీకరులో చప్పుడు బొమ్మ కన్నా కొంచెం వెనకబడి వస్తుంది. సెకనులో పదో వంతు, ఐదో వంతు తేడా మాటలు వినేటప్పుడు పట్టదు. కానీ నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకనే. అంత తేడా ఉంటే స్కేటరు ప్రతిచోటా తాళానికి ముందే పోతున్నట్టు కనిపిస్తుంది, మీరు అన్యాయంగా కోస్తారు. మొదలుపెట్టేముందు ఎవరో మాట్లాడుతున్న వీడియో పెట్టి పెదవీ మాటా కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

రికార్డింగు ఎంచుకునేటప్పుడు కెమెరా మాటిమాటికీ మారనిది, రింకంతా కనబడేది దొరికితే అదే తీసుకోండి. సాయంత్రానికి నాలుగు ప్రోగ్రామ్‌లు, అంతకి మించొద్దు. ఐదోదానికి చెవి అలిసిపోతుంది, మార్కులన్నీ ఒకే అంకె చుట్టూ తిరగడం మొదలవుతుంది.

కాగితం అడ్డంగా పెట్టి ఒక గీత గీయండి. పోటీలో ఒక్కో స్కేటరు రెండు ప్రోగ్రామ్‌లు ఆడతారు, చిన్నది షార్ట్, పెద్దది ఫ్రీ స్కేటింగు. షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, అటూ ఇటూ 10 సెకన్ల వెసులుబాటు. పది సెకన్లకొక గడి చొప్పున 16 గడులు వస్తాయి. ఫ్రీ స్కేటింగు 4 నిమిషాలు, 24 గడులు. గీత పైన సంగీతం రాస్తారు, కింద శరీరం రాస్తారు.

మొదటి విడత: తెర మీద దుప్పటి కప్పి వినండి

దుప్పటి మాట వేళాకోళం కాదు. బొమ్మ కనబడుతుంటే చెవి పని చేయదు.

తొడ మీద తాళం వేస్తూ నడక పట్టుకోండి. మూడు దెబ్బల వాల్ట్జ్ అయితే తకిట, నాలుగు దెబ్బలదైతే తకధిమి. పడమటి సంగీతంలో ఒక వాక్యం సాధారణంగా నాలుగు లేదా ఎనిమిది ఆవర్తాల్లో ముగుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల తకధిమి నడకలో ఎనిమిది ఆవర్తాలంటే 32 దెబ్బలు, అంటే 16 సెకన్లు. గడుల్లో వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చిన్న గీతలతో గుర్తు పెట్టండి.

తర్వాత నాలుగు చోట్లు పట్టుకోండి. ఎత్తుగడ, మౌనం పడినచోటు, శిఖరం, ముక్తాయింపు. ఇవి కాక అతుకులు చూడండి. చాలా ప్రోగ్రామ్‌లలో రెండుమూడు సంగీతపు ముక్కలు కత్తిరించి కలుపుతారు, అతుకు మొరటుగా ఉంటే అక్కడ “అ” అని రాయండి. అతుకు దగ్గర స్కేటరు ఏం చేస్తున్నదీ తర్వాత చూస్తే కూర్పు బలమెంతో తెలిసిపోతుంది.

ఇక్కడే మన చెవికి ఒక చిక్కు. జతికి అడుగు పడాల్సిందేనని మన నేల మీద నేర్పుతారు, గరగ నృత్యమైనా వీరనాట్యమైనా డప్పు దెబ్బ పడితే పాదం పడుతుంది. స్కేటింగులో ప్రతి దెబ్బకీ ఏదో ఒకటి చేయడం గొప్ప కాదు. చాలాసార్లు అది గందరగోళమే. రాగం ఆలపించేటప్పుడు తాళం వెయ్యం కదా? వయొలిన్ ఒక్క స్వరాన్ని నాలుగు ఆవర్తాలు సాగదీస్తుంటే, ఒంటికాలి మీద ఒకే అంచున నాలుగు ఆవర్తాలూ జారిన మనిషే ఆ స్వరాన్ని విన్నట్టు. టోర్విల్, డీన్‌లు వాడిన ఫ్రెంచి స్వరకర్త రావెల్ ‘బొలేరో’ చూడండి. అందులో దరువు మొదటినుంచీ ఒకటే, మారేది ధ్వని మాత్రమే, మెల్లగా మొదలై ఉప్పెనలా పెరుగుతుంది. అలాంటి సంగీతంలో దెబ్బలు లెక్కపెట్టడం దండగ. పెరుగుదల శరీరంలో కనిపించిందా అన్నదొక్కటే ప్రశ్న.

అంచేత పాట ఏ జాతిదో గీత పైన ఒక్క మాటలో రాసుకోండి: దరువు పాట, సాగే పాట, పెరిగే పాట, కథ చెప్పే పాట. ఆ మాటే మీ కొలబద్ద.

రెండో విడత: చప్పుడు ఆపి చూడండి

ఇప్పుడు స్పీకరు కట్టేసి బొమ్మ మాత్రం చూడండి. సంగీతం లేకుండా శరీరం వేగం ఎక్కడ మార్చింది, ఎక్కడ తగ్గింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ విరుచుకుంది అన్నది గీత కింద రాయండి. ఆ కాగితం చూసి ఏ పాట మీద ఆడారో కొంతైనా ఊహించగలిగితే అది మంచి ప్రోగ్రామ్. రెండు నిమిషాల నలభై సెకన్లూ ఒకే వేగం, ఒకే చేతుల ఊపు అయితే ఆ పాట తీసేసి ఇంకో పాట పెట్టినా ఏమీ తేడా రాదు. పెళ్లిలో కబుర్లు చెప్పుకుంటుంటే సన్నాయి వెనకాల మోగుతున్నట్టు, సంగీతం దాని దారిన అది పోతోందన్నమాట. ప్రదర్శనలో మార్కు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే.

దూకుడుకి ముందు తయారీ ఎంతసేపో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. గాలిలో ఉండేది సెకను లోపే. దానికోసం నాలుగైదు సెకన్లు వెనక్కి అడ్డడుగులు వేసుకుంటూ, భుజం బిగించి, పాట సంగతే మరిచిపోయి పోతున్నారంటే ఆ గడులన్నీ ఖాళీ. “ఖా” అని రాయండి. ఏడు దూకుళ్లున్న ఫ్రీ స్కేటింగులో ఇలాంటి ఖాళీలు కలిపితే ఎంత పోతుందో మీకే తెలుస్తుంది.

ప్రోగ్రామ్ చివరి భాగం మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఫ్రీ స్కేటింగు రెండో సగంలో చేసిన చివరి మూడు దూకుళ్లకి, షార్ట్‌లో చివరి ఒక్కదానికి, పది శాతం అదనపు విలువ ఉంది. అందుకని బరువంతా వెనక్కి నెడతారు, ఊపిరాడక భావం అక్కడే జారిపోతుంది. మొదటి ముప్పై సెకన్లు చూసి మనసులో అంకె వేసేసుకున్న జడ్జీకి ఇది కనబడనే కనబడదు.

మూడో విడత: రెండూ కలిపి

ఇప్పుడు చప్పుడుతో చూడండి. గీత పైదీ కిందదీ కలిసినచోట “స”, శరీరం వెనకబడితే “వె”, ముందే పోతే “ముం”. సమం, అతీతం, అనాగతం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఒక్క తేడా ఉంది. స్కేటరు కావాలని ఆలస్యం చేసి, దెబ్బ పడ్డాక లాగి వదిలితే అది తప్పు కాదు, రుచి. కావాలని చేసిందో, అందుకోలేక చేసిందో ఎలా తెలుస్తుందంటే, అదే రకం వాక్యం మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అలాగే చేస్తే అది కావాలని చేసిందే. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే తడబాటు.

సంగీతపు ముఖ్యమైన దెబ్బకి శరీరం ఎప్పుడు సిద్ధమైందన్నది చూడాలి. మన పెళ్లిళ్లలో గట్టిమేళం మొదలయ్యేసరికి అక్షింతలు చేతిలో ఉంటాయి. మేళం విన్నాక పళ్లెం కోసం వెతికేవాడి అక్షింతలు ఎవరిమీదో పడతాయి. స్కేటింగూ అంతే. శిఖరం మీద దూకి దిగాలంటే అంతకు రెండు ఆవర్తాల ముందే ఊపిరి, మోకాలు, భుజం ఆ వైపు కదలాలి. ఆ కదలిక కూడా పాటలోనే కలిసిపోతే అది ఎనిమిదికి పైమాట. తయారీ పాటకి సంబంధం లేకుండా ఉండి, దిగడం మాత్రం దెబ్బ మీద పడితే అదృష్టం కలిసొచ్చిందనుకోవాలి.

ఒకటి గుర్తుంచుకోండి. దూకుడు సంగీతంతో కలిస్తే నాణ్యత మార్కులోనే దానికి ఒక గీటురాయి ఉంది. దాన్ని అక్కడ ఇచ్చేసి, మళ్లీ అదే ఒక్క క్షణం కోసం ప్రదర్శనలో అర మార్కు పెంచొద్దు. శీర్షికల మార్కు మొత్తం ప్రోగ్రామ్‌ది.

అసలు పోటీలో ఈ మూడు విడతలుండవు. ప్రోగ్రామ్ ఒక్కసారే నడుస్తుంది, నడుస్తుండగానే నాణ్యత మార్కులు వేయాలి, అయిపోగానే మూడు శీర్షికలు నింపాలి. నెలా రెండు నెలలు మూడు విడతలు చేశాక, ఒక్క విడతలోనే “స”, “వె”, “ఖా” గుర్తులు పెట్టడం అలవాటు చేసుకోండి. తల కాగితంలో పెట్టకూడదు, చూపు రింకు మీదే ఉండి చెయ్యి గుడ్డిగా రాయాలి.

మూడు శీర్షికలు విడదీయడం

కూర్పుకి రింకు బొమ్మ గీసి ఆరు గడులుగా విడగొట్టండి. స్కేటరు దారిని పెన్సిలుతో గీయండి. దూకుళ్లన్నీ ఒకే మూలలో, దారి ఎప్పుడూ ఒకే గుండ్రం, ఒకే దిశ అయితే కూర్పు బీదది. అంశానికీ అంశానికీ మధ్య ఏముంది, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టిందా, లేక కోసి అతికించినట్టుందా? కదలిక నిలువుగానే ఉందా, వంగడం, నేలకి దగ్గరవడం, వెనక్కి వాలడం ఉన్నాయా? వాక్యం ముగిసినచోట కదలిక కూడా ముగిసిందా? మీ మొదటి విడత గీతలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇంకొకటి, ముఖ్యమైన భంగిమలన్నీ జడ్జీల వైపే పెట్టి మిగతా మూడు గట్లనీ వదిలేసిన కూర్పులు చాలా కనిపిస్తాయి. నాలుగు వైపులా జనం ఉంటారు.

ప్రదర్శనలో మూడు సంగతులు చూడాలి. భావం శరీరమంతా పలికి గట్టుదాకా చేరిందా? బలంలో, వేగంలో వైవిధ్యం ఉందా? సంగీతం పట్ల స్పృహ, కాలజ్ఞానం ఉన్నాయా? జంటలకి, ఐస్ డాన్స్‌కి వీటిపైన ఇద్దరూ ఒక్కటిగా కదలడం కూడా.

భావం విషయంలో నాట్యం తెలిసినవాళ్లకి చిక్కొచ్చేది ఆహార్యం దగ్గర. మెరిసే దుస్తులు, కన్నీటి కథ ఉన్న పాట, చేతులు గుండెకి హత్తుకోవడం, ఇవేవీ మార్కులు కావు. పాటలో మాటలు ఉంటే ఇంకా జాగ్రత్త. సింగిల్స్‌లో, జంటల్లో మాటలున్న పాటలకి 2014-15 నుంచి అనుమతి ఇచ్చారు. అప్పటినుంచి మాటకి పెదవి కలపడం, “ఆకాశం” అంటే పైకి చూపించడం పెరిగింది. మాటని బొమ్మ గీసి చూపిస్తే సంగీతాన్ని చదివినట్టు కాదు. మాట కింద నడిచే స్వరం ఏం చేస్తోందో శరీరం అదే చేయాలి. చేయి వెళ్లినచోటికి చూపు వెళ్లాలని మన నాట్యగురువులు చెప్పేది మాత్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. చేయి ఒకవైపు పోతూ, కన్ను రాబోయే దూకుడు చోటు వెతుకుతుంటే ఆ చేయి అలంకారం కోసం లేచిందే.

చేతి కదలిక వెన్నులోంచి పుట్టిందా, మోచేతిలోంచా? మోచేతినుంచి కింద మాత్రమే ఆడితే ఈగల్ని తోలుతున్నట్టుంటుంది. మోకాలు సంగీతంతో ఊపిరి పీల్చిందా? మెత్తని వాక్యంలో లోతుగా వంగి, గట్టి దెబ్బకి నిటారై, మళ్లీ కరిగిందా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే మొహం చూడకపోయినా పర్వాలేదు. నవ్వు మొదటినుంచి చివరిదాకా అతికించినట్టుంటే మార్కు ఇవ్వొద్దు, కోయనూ వద్దు, దాన్ని పట్టించుకోవద్దంతే.

మనకి తెలిసిన పాట వచ్చినప్పుడు తక్కెడ ఎటో ఒకవైపు వాలుతుంది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఐస్ డాన్స్‌లో ఒరిజినల్ డాన్స్ అనే విడతకి జానపద నృత్యం ఇతివృత్తంగా ఇచ్చారు. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటల మీద ఆడారు, ఆ పోటీలో వెండి పతకం గెలిచారు. ఆ రికార్డింగుని మీ బృందానికి పరీక్షగా పెట్టండి. కొందరు మన పాట కదాని అరమార్కు పెంచుతారు, కొందరు ముద్ర సరిగా లేదని అరమార్కు కోస్తారు. ఇద్దరూ చేతుల్నే చూశారు. చప్పుడు ఆపి, చేతుల్ని వదిలేసి, కాళ్ల కింద నడక ఎలా మారిందో చూసి మళ్లీ వేయమనండి. అంకెలు దగ్గరపడతాయి.

స్కేటింగ్ నైపుణ్యం గురించి క్లుప్తంగా. బ్లేడుకి మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ లోపలి అంచు, బయటి అంచు. మంచి స్కేటరు ఎప్పుడూ ఏదో ఒక అంచు మీద వాలి ఉంటారు. రెండంచుల మీదా చదునుగా పోతున్నారంటే నైపుణ్యం తక్కువ. తోపుకీ తోపుకీ మధ్య ఎంత దూరం జారారో లెక్కపెట్టండి. కాలువలో పడవ నడిపేవాడు గెడ ఒక్కసారి వేసి వదిలితే పడవ ఎంతసేపు పోతుందో చూస్తే వాడి చేతివాటం తెలుస్తుంది. మాటిమాటికీ గెడ వేస్తున్నాడంటే కొత్తవాడు. స్కేటరు రెండు తోపులతో రింకు సగం దాటారా, ఎనిమిది తోపులు పట్టిందా? బ్లేడు గరగర శబ్దం తక్కువైతే ఇంకా మంచిది. ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ, రెండు కాళ్ల మీదా సమంగా పోగలగాలి.

ఈ శీర్షిక ప్రదర్శనకి పునాది. అంచు లేనిదే వాక్యం సాగదు. అయితే మంచి జారుడు ఉన్నవాళ్లంతా సంగీతం విన్నట్టు కాదు, అక్కడే రెండు మార్కులూ విడిపోవాలి.

అంకె వేసే తీరు

ముందు మాట, తర్వాత అంకె. 5 అంటే సగటు, 6 సగటుకి పైన, 7 బాగుంది, 8 చాలా బాగుంది, 9 అద్భుతం, 10 అసాధారణం. కిందికి 4 పర్వాలేదు, 3 బలహీనం. మొదట మాట తేల్చుకోండి, తర్వాత పావులు. “చాలా బాగుంది, కానీ మధ్యలో మూడు ఖాళీలు” అయితే 8.00 దగ్గరే ఆగాలి. “చాలా బాగుంది, చివరి సగం ఇంకా బలంగా ఉంది” అయితే 8.50. అంతకుముందు స్కేటరుకి ఎంత వేశామన్నది చూడకూడదు. కాగితం తిరగేసి పెట్టండి.

మూడు శీర్షికలకీ 8.25, 8.25, 8.25 అని వేస్తున్నారంటే మీరు విడదీయడం మానేశారన్నమాట. కొత్త జడ్జీల్లో ఇదే పెద్ద జబ్బు, పాతవాళ్లలోనూ లేకపోలేదు. ఏ ప్రోగ్రామ్‌కైనా కనీసం ఒక శీర్షిక మిగతావాటి కన్నా పావో అరో తేడాగా ఉండడానికి కారణం వెతకండి. వెతికినా దొరకనప్పుడు మాత్రమే ఒకే అంకె.

పడిపోయినప్పుడు ఏం చేయాలి? పడినందుకు మొత్తంలోంచి ఒక మార్కు విడిగా పోతుంది, ఆ దూకుడు నాణ్యత మార్కూ పోతుంది. పెద్ద పొరపాటు జరిగిన ప్రోగ్రామ్‌కి శీర్షికల్లో పదికి పది ఇవ్వకూడదన్నది నియమం. అంతకు మించి మీరు చూడాల్సింది ఒకటే, పడి లేచాక పాట ఎక్కడ అందుకున్నారన్నది. రెండు సెకన్లలో వాక్యంలోకి తిరిగొస్తే ప్రదర్శనకి దెబ్బ తక్కువ. ఇరవై సెకన్లు మొహం వేలాడేసి అడుగులు వదిలేస్తే ఎక్కువ. పాపం పడిందని జాలితో పెంచడం, పడింది కాబట్టి అన్నీ కోయడం, రెండూ తప్పే.

లెక్క ఎలా కట్టాలి

తొమ్మిదిమంది ఉంటే పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి తీసేసి మిగతా ఏడింటికి సగటు కడతారు. కూర్పుకి 7.75, 8.00, 8.00, 8.25, 8.25, 8.25, 8.50, 8.50, 9.00 పడ్డాయనుకోండి. 7.75, 9.00 పోతే మిగిలినవి 57.75, ఏడుతో భాగిస్తే 8.25. అలాగే ప్రదర్శన 8.00, నైపుణ్యం 8.50 వచ్చాయనుకుంటే మొత్తం 24.75. మహిళల ఫ్రీ స్కేటింగుకి గుణకం 2.67, కాబట్టి 66.08 మార్కులు. మహిళల షార్ట్‌కి గుణకం 1.33. పురుషులకి షార్ట్‌లో 1.67, ఫ్రీలో 3.33. ఐస్ డాన్స్‌లో మొదటి విడత రిథమ్ డాన్స్‌కి 1.33, రెండో విడత ఫ్రీ డాన్స్‌కి 2.00.

ఇందులో మీ ఒక్కరి పావు బరువెంత? మీ మార్కు తీసివేతలో పోకపోతే 0.25ని ఏడుతో భాగించి 2.67తో హెచ్చవేయండి, దాదాపు 0.10. ఒక్క శీర్షికలో పావుకే ఇంత. మూడింటిలో అరేసి మార్కు ఊరికే పెంచితే అర మార్కు దాటిపోతుంది, అంత తేడాతో పతకాలు చేతులు మారతాయి. ఇంట్లో ఐదుగురుంటే ఇదే లెక్క, పైదీ కిందదీ తీసేసి మూడింటికి సగటు. నలుగురే ఉంటే ఏదీ తీసేయొద్దు, సగటు కట్టేయండి.

మార్కులు కాగితం మీద పడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. హాల్లో పెద్దాయన ఒక్కరు “ఆహా” అంటే నలుగురి పెన్సిళ్లూ పైకి పోతాయి. అందరూ వేశాక చదవండి. ఇద్దరి మధ్య ఒక మార్కు మించి తేడా ఉంటే ఆ శీర్షిక దగ్గర ఆగి, “ఎందుకు?” కాదు, “ఎన్నో సెకనులో?” అని అడగండి. ‘ఫీలింగ్ ఉంది’ లాంటి జవాబు చెల్లదు. “ఒకటీ పది దగ్గర వయొలిన్ ఆగింది, ఆమె ఆగలేదు” అన్నది చెల్లుతుంది. ఆ పది సెకన్లు మళ్లీ చూడండి. అంకె మార్చుకోమని ఎవరినీ బలవంతపెట్టొద్దు, కారణం రాసుకుంటే చాలు.

పేరున్న స్కేటరు వస్తే అంకె దానంతట అదే పైకి పోతుంది. చివరి గుంపులో వచ్చినవాళ్లకీ అంతే. వారానికొకసారి పేర్లు, దేశాలు, అంతకుముందు మార్కులు ఏవీ తెలియకుండా, వ్యాఖ్యాత గొంతు లేని రికార్డింగులు వరస కలిపి పెట్టమని ఒకరికి అప్పగించండి. రెండు నెలల తర్వాత మొదటి వారం చూసిన ప్రోగ్రామ్‌నే చెప్పకుండా మళ్లీ పెట్టించండి. మీకు మీకే ముప్పావు మార్కు తేడా వస్తే ఆశ్చర్యపోకండి, పాత కాగితంతో పోల్చి ఏ శీర్షికలో జారుతున్నారో చూసుకోండి.

మన సిమెంటు కోర్టులో

రోలర్ ఆర్టిస్టిక్ స్కేటింగు నియమాలు వేరు, శీర్షికల పేర్లు వేరు. నిర్వాహకులు ఇచ్చిన పత్రమే ప్రమాణం. చెవిదీ మోకాలిదీ పని మాత్రం ఇదే. చక్రాలకి బ్లేడంత వాలు రాదు, గరుకు సిమెంటు మీద జారుడు తొందరగా చచ్చిపోతుంది. అందుకని మంచు మీద చూసిన దూరాలతో పిల్లల్ని పోల్చకండి, ఆ నేల మీద ఆ రోజు ఆడినవాళ్లతోనే కొలవండి. సాయంత్రం మంచు కురిసి నేల చెమ్మగిలితే పిల్లలు మోకాళ్లు బిగబట్టి ఆడతారు. అది భావలోపం కాదు, భయం. మార్కులు వేయడం కన్నా ముందు నేల తుడిపించమని అడగండి.

మీ కుర్చీ ఎక్కడ వేయాలో కూడా మీరే చెప్పాలి. చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకరు కోర్టుకి ఆ చివర, మీరు ఈ చివర, మధ్య 34 మీటర్లుంటే మీకు సంగీతం సెకనులో పదో వంతు ఆలస్యంగా వినబడుతుంది. స్పీకరు పక్కన ఆడుతున్న పాప మీ కన్నా ముందే వింటోంది, మీకేమో తొందరపడుతున్నట్టు కనిపిస్తుంది. స్పీకర్లని పొడుగు గట్టు మధ్యలో, మీ బల్లకి దగ్గరగా పెట్టించండి. పాట ఫోనులోంచి బ్లూటూత్‌లో వేస్తే ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఒకే స్పీకరు వింటారు కాబట్టి ఇబ్బంది లేదు, మధ్యలో ఫోను మోగితేనే గొడవ. ఫోనుని విమానం మోడ్‌లో పెట్టమనండి. పాట ఆగిపోతే ఎన్నో సెకనులో ఆగిందో మీ గడిలో గుర్తు పెట్టుకోండి, నిర్వాహకులు అక్కడినుంచి మళ్లీ ఆడించాలో మొదటినుంచి ఆడించాలో తేల్చుకోవడానికి ఆ గుర్తే ఆధారం.